గొంతు కోసం ప్రార్థన

"ఏమే, గొంతు బొంగురుపోయినట్టుందే నీకు," అన్నాడు జయపాల్, ఇడ్లీ రేకులు తోముతూ పాడుకుంటున్న ఎస్తేరుతో. వానొచ్చేట్టుంది అన్నంత మామూలుగా అన్నాడు. ఎస్తేరు కుళాయి కట్టేసి అదే చరణం మళ్ళీ అందుకుంది. తనకేమీ తేడా తెలియలేదు.

"ఎవరి గొంతు వాళ్ళకి తెలీదులే. వినేవాళ్ళకి తెలుస్తుంది," అని లంచ్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

వినేవాళ్ళంటే ఆ ఊరే. అమెరికాలో, ఇల్లినాయ్‌లో మొక్కజొన్న చేల మధ్య, ఒకే ఒక్క సిగ్నల్ లైటున్న ఊరు. బాపట్ల చర్చిలో అమ్మమ్మ పక్కన నిలబడి కీర్తనలు పాడిన ఎస్తేరు, భర్త ఉద్యోగం వెంట ఇక్కడికొచ్చి, చర్చిలో గిటారు వాయించే వాండా కంట్లో పడింది. అక్కడి పల్లె జనం పాడుకునే కంట్రీ పాటలో మాటని ఎంత సాగదీయాలో, ఎక్కడ గొంతు విరగాలో నేర్పింది వాండాయే. "మీ దేశంలోనూ ఏడుస్తూనే పాడతారా హనీ? అయితే నీకు సగం వచ్చేసినట్టే," అని నవ్వింది. ఇప్పుడు ఆ ఊళ్ళో ఆదివారం ఆరాధనైనా, కౌంటీ ఫెయిర్ తిరనాళ్ళైనా, ఎవరి అంత్యక్రియలైనా ఎస్తేరు పాడాల్సిందే. జయపాల్ మురిసిపోయేవాడు. చర్చిలో మైకుల ధ్వని పెంచీ తగ్గించే సౌండ్ బోర్డు దగ్గర తనే కూర్చునేవాడు. పాటలున్న రోజు ఆమె తెల్లారకుండానే లేచి వంట, ఇస్త్రీ ముగించేది, పాటల పేరు చెప్పి ఇల్లు వదిలేసిందని అనిపించుకోకూడదని. అయినా అత్తగారు ఫోన్లో అననే అనేది, "దేవుడికి వినపడితే చాలదా అమ్మా, జనానికీ వినపడాలా?"

ఆ వసంతంలో హార్డ్‌వేర్ షాపులో ఒకాయన జయపాల్ భుజం తట్టి, "నువ్వు ఎస్తేర్ మొగుడివి కదూ!" అన్నాడు. జయపాల్ నవ్వాడు. కారెక్కాక తలుపు దభాలున వేశాడు. ఆ వెనకే పక్క ఊరి రేడియో వాళ్ళు ఆదివారం సాయంత్రాలు ఆమె పాటల కార్యక్రమం పెడతామన్నారు. ఇడ్లీ రేకుల దగ్గర గొంతు బొంగురన్న మాట పడింది ఆ కబురు వచ్చిన మర్నాడే.

మొదట నమ్మలేదు. కానీ చర్చిలో పాడేవాళ్ళ కాళ్ళ దగ్గర, తమ గొంతు తమకు వినపడటానికి చిన్న స్పీకరు ఒకటి ఉంటుంది. అందులోంచి వచ్చే తన గొంతు వారం వారం సన్నబడుతోంది. పైస్థాయికి వెళితే గిటారు మోత కింద నలిగిపోతోంది. ముందు వరసలో ముసలమ్మలు జాలిగా తలలు ఊపుతున్నారు. ఇంటికొస్తే జయపాల్ మిరియాల పాలు కాచి ఇచ్చి, తాగేదాకా పక్కనే కూర్చుంటాడు. ఇన్నేళ్ళ కాపురంలో స్టవ్ ముట్టుకోని మనిషి.

ఒక మధ్యాహ్నం చర్చి పెద్దావిడ చికెన్ క్యాసరోల్ వండి పట్టుకొచ్చి ఎస్తేరుని కావిలించుకుంది. "ఆపరేషన్ ఎప్పుడు, హనీ?"

"ఏ ఆపరేషన్?"

ఒకరికి కష్టమొస్తే ఫోన్ల మీద ఇంటింటికీ చెప్పుకుని ప్రార్థించడం ఆ చర్చి పద్ధతి. ఆ ప్రార్థనల్లో కొన్నాళ్ళుగా ఎస్తేరు గొంతులో గడ్డ ఉంది. అడగడం అమర్యాద, ప్రార్థించడం మర్యాద. అందుకే ఊరంతా ప్రార్థించింది, ఒక్కరూ ఆమెను అడగలేదు.

"గడ్డని ఎవరు చెప్పారండీ?" అంది ఆ సాయంత్రం జయపాల్‌తో.

"కావచ్చన్నాను. నీ కోసం నలుగురు ప్రార్థిస్తే తప్పా? రేడియో వాళ్ళకి కూడా చెప్పేశాన్లే, నువ్వు రావని. పాలు చల్లారిపోతున్నాయి, తాగు."

మర్నాడు వాండా ఇంటి వెనక కొట్టంలో మైకు లేకుండా పాడింది. మొదట భయంభయంగా, తర్వాత నిండుగా. నిద్రపోతున్న కుక్క లేచి నిలబడింది. రేకుల కప్పు ఝుమ్మంది. వాండా గిటారు పక్కన పెట్టేసింది. "ఇంత గొంతు పెట్టుకుని చర్చిలో ఏమవుతోంది నీకు? నీళ్ళ కింద నుంచి పాడుతున్నట్టుంటావు."

ఎస్తేరుకి కళ్ళ ముందు సౌండ్ బోర్డు కనిపిస్తోంది. వరసగా మీటలు, అందులో ఒక మీట మీద తను ఇస్త్రీ చేసిన చొక్కా చెయ్యి, తొందర లేకుండా కిందికి జారుతున్న వేలు.

ఆదివారం పాస్టరు ఆమెను ముందుకు పిలిచాడు. స్వస్థత కోసం అందరూ చేతులుంచి ప్రార్థిస్తారు. ఆడవాళ్ళు భుజాల మీద, వీపు మీద చేతులు వేశారు. వెచ్చటి, మంచి చేతులు. జయపాల్ బోర్డు దగ్గర్నుంచి లేచొచ్చి అరచెయ్యి ఆమె గొంతు మీద పెట్టాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. అతను తెలుగులో ప్రార్థించాడు, అక్కడ ఆమె తప్ప ఇంకెవరికీ రాని భాషలో.

"ప్రభువా, దీని నోరు కట్టెయ్యి. ఇంటి పట్టున పడుండేలా చెయ్యి."

"ఆమెన్," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు, కన్నీళ్ళతో. వాండా కూడా అంది.

ఎస్తేరు చిన్నగా శ్రుతి పట్టింది. అరచెయ్యి కింద గొంతు అదిరింది. అతని వేళ్ళు బిగిశాయి, కొద్దిగానే, బయటికి కనపడనంత. శ్రుతి ఆగిపోయింది. చుట్టూ కళ్ళు ఇంకా మూసే ఉన్నాయి.

ఆమె ఆ మణికట్టు పట్టుకుంది. గొంతు మీంచి లాగి, అందరూ కళ్ళు తెరిచేదాకా దాన్ని పైకెత్తే ఉంచింది. అందరికీ అర్థమయ్యే ఇంగ్లీషులో, మైకు లేకుండానే, చివరి వరసదాకా వినపడేట్టు అంది:

"నాకు జబ్బేమీ లేదు. ఈ చేతికి ఉంది. దీని కోసం ప్రార్థన చెయ్యండి."