వీధి అవతల గట్టిమేళం

నేను ఒక డోలును. పనసమాను తొలిచి నన్ను చేసిన వడ్రంగికి, మూతలు బిగించిన ఏసోబుకు నా మీదున్న గౌరవం నన్ను పిలిపించుకున్న వాళ్లకు ఏనాడూ లేదు. తాళి కట్టేటప్పుడు ఎవరైనా తుమ్మితే అపశకునమని వాళ్ల భయం. ఆ తుమ్ము వినపడకుండా గట్టిమేళం వాయించాలి. అంటే ఈ మనుషుల ముక్కులకు నేను కాపలా.

కరోనా వచ్చి, పెళ్లికి ఇరవై మందే అనేసరికి మా చిలకలూరిపేటలో మేళాలన్నీ మూలపడ్డాయి. సన్నాయి మీరావలి టమాటాల బండి తోశాడు. ఏసోబు మాస్కులు కుట్టాడు. నా యజమాని సుభాని మాత్రం మూతలు సడలకుండా రోజూ నన్ను కాసేపు వాయించేవాడు. ఏడాది గడిచాక అతనికీ ఓపిక చచ్చింది. నన్ను హోటల్లో బల్లగా వేసుకుంటానన్న ఒకాయనకు మాటిచ్చేశాడు. ఆయన రేపొస్తాడనగా ఎదురింట్లో పెళ్లి.

ఆ ఇంటి పార్థసారథిగారు ముందే వచ్చి, మేళం ఇద్దరొస్తే వియ్యాలవారిలో ఇద్దరు తగ్గాలని, ఏమీ అనుకోవద్దని చెప్పి వెళ్లాడు. పెద్దమ్మాయి పెళ్లి వీడియో నెట్‌లో ఉందట, అందులోని గట్టిమేళం ఫోన్‌లో పెట్టుకుంటారట. అందులో మోగేదీ నేనే. సిగ్గులేని జన్మలు.

వాకిట్లో పందిరి కింద పురోహితుడు వేలెత్తాడు. ఫోన్‌లో బిస్కెట్ల ప్రకటన మొదలైంది. సరిగ్గా అప్పుడే పెళ్లికొడుకు మేనమామ తుమ్మాడు. అంతా చెల్లాచెదరయ్యారు. శకునానికి జడిశారో, రోగానికి జడిశారో వాళ్లకే తెలియదు.

పార్థసారథి గేటు దాకా పరిగెత్తుకొచ్చాడు. "సుభానీ, ముహూర్తం దాటిపోతోందయ్యా. అక్కడి నుంచే వాయించు."

వాయించనంటాడని ఆశపడ్డాను. సుభాని నన్ను భుజాన వేసుకున్నాడు. భార్య హుసేన్‌బీ అడ్డం నిలబడింది.

"రావొద్దన్నోళ్లకి మనమెందుకు?"

"ఆ పిల్లేం చేసిందే?" అని అరుగు మీదికొచ్చాడు.

పురోహితుడు వేలెత్తితే గేటు దగ్గర పార్థసారథి చెయ్యెత్తాడు. వీధి దద్దరిల్లేలా మోగాను. ఆ హోరులో ఇంకెంతమంది తుమ్మారో ఎవరికీ తెలియదు. నాకు తెలుసు, చెప్పను.

మర్నాడు హోటలాయన ఆటో తీసుకుని వచ్చాడు. సుభాని నన్ను తుడిచిందే తుడుస్తుంటే, నిన్న అడ్డం నిలబడిన హుసేన్‌బీయే గుమ్మంలోకి వచ్చింది.

"దీనికింకా పెళ్లిళ్లున్నాయి. బల్ల ఇంకెక్కడన్నా చూసుకోండి."

ఆ మాటకు నా మూతలు రెండూ పొంగిపోయాయి. నా ఖర్మ ఏమిటంటే, ఆ పెళ్లిళ్లన్నీ ఈ మనుషులవే.