పది నిమిషాల పడక

ఊళ్ళో సగం తలుపులు అతని చేతి మీదుగా తెరుచుకున్నవే. తాళంచెవి పారేసుకున్నవాళ్ళు, లోపలే మర్చిపోయి తలుపు లాగేసుకున్నవాళ్ళు, పెళ్ళాంతో పోట్లాడి బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోలేనివాళ్ళు, అందరికీ అతని కొట్టే దిక్కు. తాళాలాయన అంటే పసిపిల్లలు కూడా దారి చూపిస్తారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉండేది, అంతే. ఇన్ని తలుపులు తెరిచిన మనిషి యాభై రెండేళ్ళు వచ్చేదాకా దేంట్లోనూ మొదటివాడు కాలేదు. బళ్ళో పరుగుపందెంలో నాలుగోవాడు, చదువులో ముప్ఫయ్యోవాడు. పెళ్ళి సంగతికొస్తే అసలు వరుసలోనే నిలబడలేదు.

ఆ మనిషిని మొదటి స్థానంలో నిలబెట్టింది ఒక కుక్క.

నల్లటి వీపు, గోధుమరంగు కాళ్ళు, నిలబడితే బల్లంత ఎత్తు. దానికి దొర అని పేరు పెట్టింది అతని అక్క. "తినడం, పడుకోవడం, ఎవరైనా పిలిస్తే పలకాలా వద్దా అని ఆలోచించడం. దొరగారే మరి" అందామె. తమ్ముడూ అక్కా ఒకే ఇంట్లో ఉండేవారు. ముందుగది కొట్టు, వెనక రెండు గదులు కాపురం. అక్క ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే గదిలో పనిచేసేది. ఎముకలు చూసీ చూసీ మనుషుల మీద భ్రమలు పోయాయని చెప్పుకునేది గానీ, దొర గిన్నెలో తన వాటా కలపని రోజు లేదు.

కుక్కలకి విధేయత పోటీలని ఉంటాయి. తెలియనివాళ్ళకి కుక్కని షికారు తిప్పినట్టే కనిపిస్తుంది. కుక్క యజమాని ఎడమకాలి పక్కన అంగుళం తేడా రాకుండా నడవాలి. పది చెక్కముక్కలు పరిస్తే అందులో యజమాని చేయి తగిలిన ఒక్కదాన్నే పట్టుకురావాలి. ఏదైనా ఒక్కసారే చెప్పాలి, రెండోసారి చెబితే మార్కులు కోస్తారు. అన్నిటికీ చివర పది నిమిషాల పడక. "పడుకో, ఉండు" అని చెప్పి యజమాని గోడ చాటుకి వెళ్ళిపోతాడు. అతను తిరిగొచ్చి, పక్కన నిలబడి, విడుపు మాట చెప్పేదాకా కుక్క లేవకూడదు. తాళాలాయన విడుపు మాట "చాలు". లేస్తే ఆ మార్కులన్నీ పోయినట్టే.

దొరకి అప్పటికి రెండు మొదటి శ్రేణి పత్రాలు వచ్చాయి. మూడోది వస్తే బిరుదు. తొమ్మిదేళ్ళు నిండిన కుక్కని పోటీలోకి రానివ్వరు. రాబోయే పోటీ అయిన నెలకి దొరకి తొమ్మిది నిండుతాయి. అంటే మిగిలింది ఒక్క పోటీ. అతని బతుక్కీ అదొక్కటే మిగిలిందని అతను అనుకున్నాడు. అలా అనుకోవడం తప్పు కాదు. ఆ తర్వాత చేసింది తప్పు.

నిరుడు రాయిలా పడుకున్న కుక్క, పోటీకి రెండు నెలల ముందు నుంచి ఆరో నిమిషానికి లేవడం మొదలుపెట్టింది. కొట్టులో గచ్చు మీద రంగు టేపుతో గుర్తు పెట్టి, అక్కడ పడుకోబెట్టి, తను వెనకగదిలోకి వెళ్ళి అలమార మీది అద్దంలో చూసేవాడు. ఆరో నిమిషం దాటగానే దొర ముందుకాళ్ళ మీద లేచేది. తన కడుపు వైపు తల తిప్పి చూసుకునేది. ఒక చుట్టు తిరిగి రెండో పక్కకి పడుకునేది.

పోటీలకి కుక్కల్ని తయారుచేసే క్లబ్బు మాస్టారిని అడిగాడు. ఆయన నలభై ఏళ్ళుగా కుక్కలకి నేర్పుతున్న మనిషి.

"వయసు మీదపడితే మొండికేస్తాయోయ్. నీ పట్టు సడలిందని వాడికి అర్థమైపోయింది. తిట్టకు, కొట్టకు. మాట్లాడకుండా వెళ్ళు, అదే చోట పడుకోబెట్టు, గడియారం మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టు. లేవడం వల్ల లాభం లేదని వాడికే తెలిసొస్తుంది."

క్లబ్బులో అందరూ చేసే వైద్యమే అది. మంచి వైద్యమే కూడా, మొండికేసిన కుక్కకైతే. తాళాలాయన అక్షరం పొల్లు పోకుండా చేశాడు. లేచింది, వెళ్ళాడు, పడుకోబెట్టాడు, సున్నా. మళ్ళీ లేచింది, మళ్ళీ సున్నా. కొన్ని రోజులు పాతికసార్లు. ఒక్క మాట తూలలేదు, ఒక్క దెబ్బ వేయలేదు. కొట్టి ఉంటే కనీసం అక్క చూసి చెయ్యి పట్టుకునేది.

చూడకపోలేదు కూడా. ఒక సాయంత్రం పని నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడిపోయింది.

"ఒరేయ్, అది మొండికెయ్యడం లేదురా. పక్క మార్చుకుంటోంది. ఎటు పడుకున్నా సుఖం దొరకడం లేదు దానికి."

"నీకు పోటీల సంగతి తెలీదక్కా."

"పోటీలు తెలీవు. నొప్పి తెలుసు. రోజూ నలభైమందిని బల్ల మీద పడుకోబెట్టి కదలకండి కదలకండి అని మొత్తుకుంటాను. కదిలేది మొండివాళ్ళు కాదురా, నొప్పున్నవాళ్ళు. డాక్టరుకి చూపించు."

"చూపిస్తే మందిస్తాడు. మందు పడ్డ కుక్కని పోటీలోకి రానివ్వరు. అయ్యాక చూపిస్తానుగా. ఎంత, మూడు వారాలు."

"అదేమన్నా తుప్పు పట్టిన తాళమా, మూడు వారాలు ఆగడానికి?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం కాదు నిజానికి అతను. కొట్టులో ఎవరేం చెప్పినా వినేవాడు, తాళంచెవి సరిగ్గా తిరగలేదంటే నవ్వుతూ మళ్ళీ అరగదీసి ఇచ్చేవాడు. ఈ ఒక్క విషయంలోనే చెవులు మూసుకున్నాడు. మంచివాళ్ళు మూర్ఖులైతే వాళ్ళని ఆపడం కష్టం, వాళ్ళకి అలవాటు ఉండదు కాబట్టి ఎక్కడ ఆగాలో తెలియదు.

పోటీకి వారం ఉందనగా దొర లేవడం మానేసింది.

మొదటిరోజు ఎనిమిది నిమిషాలు. మర్నాడు పది. ఆ తర్వాత పన్నెండు. అద్దంలో చూస్తూ అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు. వంటింట్లోకి పరిగెత్తి, "అక్కా! పన్నెండు! కదిలితే ఒట్టు!" అన్నాడు. అక్క గరిటె కింద పెట్టి కొట్టులోకి వచ్చింది. దొర పక్కన కూర్చుని దాని పైపెదవి ఎత్తి చూసింది.

"చిగుళ్ళు పాలిపోయాయిరా."

"ఎండలు కదా. నాకూ నీరసంగానే ఉంది."

దొర ఆమె చెయ్యి నాకింది. లేవలేదు. ఎందుకంటే అతను "చాలు" అనలేదు.

పోటీ రోజు మైదానం నిండా సున్నం గీతలు, తాళ్ళు, మడతకుర్చీలు. మైకులో ఎవరో గొంతు సవరించుకుంటూనే ఉన్నారు. దొరది ఆరో నంబరు. నడకలో అరడుగు వెనకబడింది, కొన్ని మార్కులు పోయాయి. చెక్కముక్కల దగ్గర చాలాసేపు నిలబడింది, ఏదో మర్చిపోయిన ముసలాయనలాగా. తర్వాత ఒకదాన్ని పట్టుకుని నెమ్మదిగా వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. సరైనదే. తాడు అవతల కూర్చున్న అక్క చప్పట్లు కొట్టలేదు. దొర నడిచే తీరునే చూస్తోంది.

చివరికి ఆరు కుక్కల్ని వరసగా నిలబెట్టారు. "పడుకో" అన్నాడు. దొర వెనకకాళ్ళు ముందుగా మడిచి, మిగతా ఒళ్ళు మెల్లగా దించింది. "ఉండు" అన్నాడు. నడిచి వెళ్ళి, మిగతావాళ్ళతో పాటు బట్టలు మార్చుకునే గదుల వెనక గోడ చాటున నిలబడ్డాడు.

ఆ గోడ వెనక నుంచి కుక్కలు కనపడవు. ఒకావిడ గోళ్ళు కొరుకుతోంది. తాళాలాయనకి గడియారం చూసుకునే ధైర్యం లేక, మనసులో తాళంచెవులు కోశాడు. ఒక్కోదానికి రెండు నిమిషాలు. మొదటిది అయింది. రెండోది నడుస్తుండగా మైకులో "రెండో నంబరు లేచింది" అన్నారు. ఒకాయన తల కొట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మూడోది. ఆరో నిమిషం అదే. మైకు గరగరమంది. "నాలుగో నంబరు." గోళ్ళావిడ వెళ్ళింది. నాలుగో తాళంచెవి. అయిదోది.

ఈల వినిపించింది.

గోడ దాటి రాగానే కనిపించింది, దొర ఎక్కడ వదిలాడో అక్కడే ఉంది. గడ్డం ముందుకాళ్ళ మీద, కళ్ళు అతని మీద. అంత సంతోషం అతనికి జీవితంలో ఇంకెప్పుడూ కలగలేదు, ఆ నలభై అడుగులూ నడిచినంతసేపు. ఆ మాట దాచడం దేనికి. కళ్ళనిండా నీళ్ళతో వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

జడ్జి నెరిసిన జుట్టావిడ, మెడలో ఈల. "పూర్తయింది" అంది.

మిగిలిన మూడు కుక్కలూ ఎగిరి యజమానుల మీదకి దూకాయి.

"చాలు" అన్నాడు తాళాలాయన.

దొర తోక ఒకసారి నేలకి కొట్టింది. ముందుకాళ్ళు గడ్డిలో ఆనించి ఒళ్ళు లేపబోయింది. లేవలేదు. అతని మొహం చూసి మళ్ళీ ప్రయత్నించింది. గోళ్ళు మట్టిని గీశాయి, అంతే.

జడ్జి అట్టమీద రాసుకుంటూ దగ్గరికి వచ్చింది. "పూర్తి మార్కులండీ. ఇంత నిశ్చలంగా పడుకున్న కుక్కని ఈ ఏడాది చూడలేదు" అని తలెత్తి దొరని చూసింది. కలం ఆగిపోయింది.

అక్క తాడు కింద నుంచి దూరి పరిగెత్తుకొచ్చింది. పెదవి ఎత్తింది. చిగుళ్ళు సున్నం గీతల్లా ఉన్నాయి. కడుపు బిగుసుకుపోయింది.

"పట్టుకో" అంది. "తల నువ్వు పట్టుకో. ఏడుపు తర్వాత."

క్లబ్బు మాస్టారు తన మడతమంచం తెచ్చిచ్చాడు. దాని మీద వేసి ముగ్గురూ మోసుకుపోతుంటే వెనక మైకులో పిలుస్తున్నారు, ఆరో నంబరు ఎక్కడున్నా బహుమతి బల్ల దగ్గరికి రావాలని, ఆరో నంబరు మొదటి స్థానమని. మూడుసార్లు పిలిచారు. మాస్టారు మంచం కోడు పట్టుకుని వెనక్కి చూడకుండా, "నేనే చెప్పాను. మొండితనమని నేనే చెప్పాను" అంటూ నడిచాడు.

పశువుల ఆస్పత్రిలో డాక్టరు దొర కడుపు మీద స్కాను ఆనించి, తెర వైపు ఒకసారే చూశాడు. అక్క కూడా చూసింది. తెర చదవడం ఆమెకి వేరే ఎవరూ నేర్పక్కర్లేదు.

"కడుపులో గడ్డండీ. పగిలింది. లోపలంతా రక్తమే. కోసినా బల్ల మీదే పోతుంది."

"ఎప్పుడు పగిలుంటుంది?" అడిగాడు తాళాలాయన.

"పొద్దున. ఉదయం నుంచీ కారుతూ ఉండుంటుంది."

"అంటే, నాతో నడిచేటప్పటికే?"

డాక్టరు తెర ఆపేశాడు.

"రెండు నెలల కిందట తెచ్చుంటే?"

"చెప్పలేను. కొన్నిటికి ఆ గడ్డ తీసేస్తే ఏడాది బతుకుతాయి. కొన్ని బతకవు. ఇప్పుడు మాత్రం దాన్ని బాధపెట్టకుండా పంపించడమే మనం చెయ్యగలిగేది."

బతికేదనో, బతికేది కాదనో ఏదో ఒకటి చెప్పి ఉంటే పట్టుకుని ఏడవడానికి ఉండేది. చేతులు కాలాక పట్టుకోవడానికి ఆకులు కూడా దొరకలేదు. దొర అతనికి చెబుతూనే ఉంది. ఆరో నిమిషంలో లేచి, కడుపు చూపించి, రోజుకి పాతికసార్లు చెప్పింది. అతను రెండు నెలలు కష్టపడి, ఒక్క దెబ్బ వెయ్యకుండా, చెప్పడం మానిపించాడు. అంత బాగా అతను ఇంకేదీ నేర్పలేదు. నేను ముందే చెప్పానని అక్క అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించింది.

సూది వెయ్యడానికి డాక్టరు ముందుకాలు పట్టుకోగానే దొర తల ఎత్తింది. అతను ఎటు ఉన్నాడో వెతుక్కుంటూ బల్ల మీద పాకబోయింది. కాలు జారుతోంది, నరం దొరకడం లేదు.

"కదలకుండా పట్టుకోండి" అన్నాడు డాక్టరు.

అక్క ఆ మాట రోజూ నలభైసార్లు అనే మనిషి. ఆ మాట విని తల పక్కకి తిప్పుకుంది.

తాళాలాయన బల్లకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. గొంతు పోటీలో ఎలా ఉంటుందో అలాగే ఉండాలి, వణికితే దొర కంగారు పడుతుంది.

"పడుకో" అన్నాడు. "ఉండు."

దొర గడ్డం బల్ల మీద ఆనించింది. ఒక్కసారి చెబితే విన్నది. తర్వాత కదల్లేదు. కళ్ళు మాత్రం అతని మీదే ఉంచింది, ఇప్పుడు వెళ్ళిపోతాడు, మళ్ళీ వస్తాడు అన్నట్టు. అతను వెళ్ళలేదు. సూది దిగింది.

కాసేపటికి డాక్టరు గుండె మీద గొట్టం ఆనించి విని, "అయిపోయిందండీ" అని చేతితొడుగులు తీసేసుకుని బయటికి వెళ్ళాడు.

అతను కదలకుండా అక్కడే నిలబడ్డాడు. గోడగడియారం నడుస్తోంది. అక్క చాలాసేపు చూసి, దగ్గరికొచ్చి అతని మోచెయ్యి పట్టుకుంది.

"చెప్పరా" అంది. "వచ్చావుగా. చెప్పెయ్. లేకపోతే అది అలాగే ఉంటుంది."

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. రెండోసారి వచ్చింది.

"చాలు."

పోటీలో అయితే రెండోసారికి మార్కులు కోస్తారు. ఇక్కడ రాసుకునేవాళ్ళెవరూ లేరు. అక్కాతమ్ముళ్ళిద్దరూ బల్లకి చెరోవైపు నిలబడి చూశారు. దొర లేవలేదు.