పొరలోని ఉప్పు

కుమారి వచ్చే రోజు పొద్దున పప్పుచారులో ఉప్పు గురించి మా అత్తగారికీ నాకూ గొడవ అయింది.

ఆవిడకు బీపీ. డాక్టర్ చెప్పినప్పటి నుంచి నేను ఉప్పు సగానికి తగ్గించి వండుతున్నాను. చప్పగా ఉందని రోజూ సణుగుతారు, సణుగుతూనే తింటారు. ఆ రోజు బాల్కనీలో బట్టలు ఆరేసి వచ్చేసరికి చారు చిక్కబడి ఉంది. కాగిన నీళ్లు కాసిని పోసి కలిపాను. అప్పుడు చూశాను, గరిటె నేను పెట్టిన చోట లేదు. ఉప్పు డబ్బా మూత సరిగ్గా బిగించి లేదు.

"అత్తమ్మా, చారుల ఉప్పేసిండ్రా?"

"నానేటీ ఎయ్యలేదు."

"మరి డబ్బా ఎవరు తీసిండ్రు?"

"డబ్బా తీస్తే ఏసీసినట్టేనా? ఈ ఇంట్లో డబ్బా ముట్టుకోడానిక్కూడా నీ పర్మిషన్ గావాలేటి?"

రుచి చూశాను. రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉంది. నేనే అనవసరంగా అన్నానేమో అనుకుని ఊరుకున్నాను. ఆవిడ ఊరుకోలేదు. మా ఆయన ఆఫీసుకు వెళ్లే ముందు అన్నానికి కూర్చుంటే ఫిర్యాదు మొదలుపెట్టారు.

"బాగానే ఉంది కదమ్మా. రోజులాగే ఉంది. దీనికెందుకు పేచీ?" అన్నారాయన.

అత్తగారికి గెలిచిన సంతోషం ఆగలేదు. "రోజులాగుందంట! గుప్పెడు ఏసినాన్రా నాను. మొగుడూపెళ్లాలిద్దరి నాలికలూ ఏటైపోనాయి?"

"ఓహో, ఏసిండ్రన్నమాట," అన్నాను. "నేను నీళ్లు పోసిన గదా, అందుకే తెల్వలేదు. మీరు ఉప్పు పెంచిండ్రు, నేను నీళ్లు పెంచిన. ఒకదాన్నొకటి కొట్టేసుకున్నయ్. ఇగ నాలుకకేం తెలుస్తది?"

మా ఆయన ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆపేశారు. దాన్ని మళ్లీ కంచంలో పెట్టి, లేచి వెళ్లి చెయ్యి కడుక్కున్నారు. ఉప్పు కోసం అన్నం ముందు నుంచి లేచే మనిషి కాదాయన.

మా ఆయన పేరు ఎల్లాజీ. బేగంపేటలో ఒక ఆఫీసులో లాగ్ అనలిస్టు. సముద్రం అడుగున బోరు వేసి, అందులోకి పనిముట్లు దించి, పొరపొరకీ కొలతలు తీస్తారు. అవి గీతలై ఆయన స్క్రీను మీదికి వస్తాయి. అక్కడి బురదలో రేణువుల మధ్య సందులుంటాయి. ఆ సందుల్లో నీరెంత, గ్యాసెంత అన్నది గీతలు చూసి చెప్పడం ఆయన పని. డిగ్రీలో నేను చదివింది జియాలజీయే. ఆ చదువు వంటింటి దాకా వచ్చి ఆగిపోయినా, ఈపాటి విషయం మర్చిపోలేదు. ఉప్పునీరు కరెంటును సులువుగా పోనిస్తుంది. గ్యాస్ పోనివ్వదు. కరెంటుకు అడ్డు తక్కువైతే సందుల నిండా నీరే అన్నమాట. అడ్డు పెరిగితే నీరు తగ్గి, దాని చోట గ్యాస్ చేరినట్టు.

లోవరాజు మా అత్తగారి తమ్ముడి కొడుకు. ఐటీఐ చేసి అనకాపల్లిలో పని లేక తిరుగుతుంటే మా ఆయనే ఎవరెవరితోనో మాట్లాడి డ్రిల్లింగ్ ఓడ మీద పెట్టించారు. మడ్ ట్యాంకుల దగ్గర కాపలా. బోరులోంచి తిరిగొచ్చే బురదనీళ్లు ట్యాంకులో ఏమాత్రం పెరిగినా అరిచి చెప్పాలి. కింద గ్యాస్ చొరబడితే ముందుగా పెరిగేది ఆ బురదే. మా ఇంటికి వచ్చినప్పుడల్లా "అక్కా, నాది సముద్రంలో కూచుని కుడితి తొట్టి సూసుకునే ఉద్యోగం" అని నవ్వించేవాడు.

అంతకుముందు నెల ఆ ఓడ మీద గ్యాస్ తన్నుకొచ్చి అంటుకుంది. లోవరాజు అక్కడే పోయాడు. ఇంకో ఇద్దరు ఒళ్లు కాలి ఆసుపత్రిలో ఉన్నారు. ఊరికి తెచ్చిన పెట్టె మూత ఎవరినీ తియ్యనివ్వలేదు. అతని భార్య కుమారి దాని మీద చెయ్యి పెట్టి, లోపలున్నది తన మొగుడేనా అని అందరినీ అడిగింది.

ఎంక్వైరీ మొదలైంది. కంపెనీ వాళ్ల మాట ఒకటే. పక్కనే వేసిన మొదటి బోరులో ఆ పొర నిండా నీరే అని తేలింది. కాబట్టి గ్యాస్ ఏ కొద్దిగానో, నెమ్మదిగా వచ్చి ఉంటుంది. నెమ్మదిగా వస్తే బురద చాలాసేపటి నుంచే పెరుగుతూ ఉండాలి. పెరుగుతున్నా కాపలా మనిషి అరవలేదంటే నిద్రపోయాడు. మర్నాటితో ఎంక్వైరీ ముగుస్తుంది. ఇంటివాళ్లు చెప్పుకునేది ఏమన్నా ఉంటే చెప్పుకోవచ్చని కుమారిని ఇక్కడికి రమ్మన్నారు.

పక్క బోరులో నీరే అని తేల్చింది మా ఆయన. ఆ సంగతి నాకు ముందే తెలుసు. అది ఆయన్ని ఎందుకు తినేస్తోందో మాత్రం ఆ పొద్దున తెలిసింది.

బాల్కనీలోకి వెళ్లాను. ఎదురుగా రైలు పట్టాల వైపు చూస్తూ నిలబడ్డారు.

"ఏమైందీ?"

"రజితా, ఆ పొరలో నీళ్లు సముద్రం నీళ్ల కన్నా చాలా ఉప్పన."

ఆయనే చెప్పుకుపోయారు. అక్కడి చలికీ బరువుకీ గ్యాస్ నీళ్లతో కలిసి మంచులా గడ్డకడుతుంది. ఆ గడ్డలో ఉప్పు ఇమడదు. చుట్టూ మిగిలిన నీళ్లలోకి చేరిపోతుంది. గ్యాస్ గడ్డ కరెంటుకు అడ్డం పడితే, పెరిగిన ఉప్పు అదే కరెంటుకు దారి ఇస్తుంది. గీత లేవాల్సిన చోట లేవలేదు. మామూలు బురదలాగే కనిపించింది.

"రోజులాగే," అన్నారు. ఆ మాట నోటితో అనలేక అన్నారు.

"లెక్కల మీరు ఏ ఉప్పు ఏసుకున్నరు?"

"సముద్రం ఉప్పే. అందరం ముందు అదే వేస్తాం. బురదని పిండి తీసిన నీళ్ల ఫలితం ల్యాబ్ నుంచి వచ్చాక సరిచేస్తాం."

"వచ్చినాక సరిచేసిండ్రా?"

"ఓడ పని లేక నిలిచి ఉందని మా మేనేజర్ విజయేందర్ తొందరపెట్టాడు. ఎప్పుడూ రెంటికీ తేడా రాదు కదా అని రిపోర్ట్ పంపేశాను. నిండా నీరే అన్నాను. అందుకే గ్యాస్‌ని అణిచే బరువైన మడ్ వాళ్లు సిద్ధం చేసుకోలేదు."

"ల్యాబ్ ఫలితం ఎప్పుడొచ్చింది?"

"పోయిన వారం."

"మళ్లీ లెక్కేసిండ్రా?"

"వేశాను. సగం పైన గ్యాసే. డ్రిల్లు తగిలిన వేడికి గడ్డ కరిగి ఒక్క ఊపున వచ్చేసి ఉంటుంది. అరిచే వ్యవధి కూడా ఉండదు."

"అంటే లోవరాజు మేలుకొని ఉన్నా..."

"ఎవరున్నా అంతే."

నేను ఓదార్చలేదు. స్టేషన్‌కు టైమవుతోందని మాత్రం చెప్పాను.

కుమారి సికింద్రాబాద్ స్టేషన్‌లో పదో నంబర్ ప్లాట్‌ఫారం వైపు బయటికి వచ్చింది. చేతిలో ఒక్క సంచి. పెళ్లిలో చూసిన బుగ్గలు లేవు. పాపను అమ్మ దగ్గర వదిలి వచ్చానంది. ఆటో మెట్టుగూడ దాటాక మొదలుపెట్టింది.

"వదినా, ఆయన డ్యూటీకెళ్తే జేబులో పచ్చిమిరపకాయలు ఏసుకునేవోడు, తెలుసా?"

"మిరపకాయలెందుకు?"

"నిద్దరొస్తే కొరకడానికి. నాతో ఫోన్లో మాటాడుతూ కారానికి ఉస్ ఉస్ మనేవోడు. నాను తిట్టేదాన్ని, కడుపు పాడైపోద్దని." సంచి ఒళ్లోకి లాక్కుంది. "అలాటోడు పడుకున్నాడంటన్నారు. కాలినోళ్ల తాలూకు వాళ్లు మా గుమ్మంలోకొచ్చి, మీవోడి నిద్దర మా పిల్లల్ని కాల్చీసిందని మన్ను పోసెళ్లారు. మా మావ బజారుకెళ్లడం మానీసినాడు. రేపు పాపని బళ్లో ఏసినప్పుడు ఏటంటారో."

నేను రోడ్డు వైపు చూశాను. మా ఆయన చెప్పింది నా నోటి దాకా వచ్చింది. చెప్పాల్సింది నేను కాదు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సులువుగా ఉందని కూడా తెలుసు.

సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి రాగానే కుమారి ఎదురెళ్లి, కుర్చీ దగ్గర నిలబడింది.

"అన్నయ్యా, నువ్వు ఆ ఆఫీసోడివే. నీకు తెలుస్తాది. నిజంగా పడుకున్నాడా?"

"ముందు కాళ్లు కడుక్కుని రానీవే," అన్నారు అత్తగారు. మా ఆయన ఆ సందు చూసుకుని లోపలికి వెళ్లిపోయారు. కుమారి ఆ కుర్చీ దగ్గరే కాసేపు నిలబడి, స్నానానికి వెళ్లింది.

నేను వంకాయలు తరుగుతుంటే హాల్లో ఆయన ఫోన్ మోగింది. విజయేందర్ గొంతు స్పీకర్ పెట్టకపోయినా వంటింట్లోకి వినిపిస్తుంది.

"ఎల్లాజీ భాయ్, పరేషాన్ గాకు. రేపు అడిగితేనే చెప్పు, అడగకుంటే చుప్‌గుండు. ల్యాబ్ రిపోర్ట్ లేటొచ్చింది, నీ తప్పేముంది అండ్ల? ఉన్నోళ్ల సంగతి జెర సోచాయించు. పోయినోడు ఎట్లాగూ పోయిండు."

మా ఆయన ఫోన్ పెట్టేసి వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"విన్నావా?"

"విన్న."

"చెప్తే ఈ పనిలో నన్నింకెవరూ నమ్మరు. ఇరవై ఏళ్లుగా నాకు వచ్చింది ఇదొక్కటే."

"తెలుసు."

"నువ్వేమంటావు?"

"నేనేమంటే అది చేస్తరా? రేపు నా పేరు చెప్పి చుప్‌గుంటరా? నన్నడగకండి."

నేను కూర పొయ్యి మీద పెట్టాను. ఆ పూట చారు నేనే కాచి, నేనే ఉప్పు వేసి, దించేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

నలుగురం కింద కూర్చున్నాం. కుమారి అన్నంలో చారు పోసుకుని కలుపుతోంది. అత్తగారు లోవరాజు చిన్నప్పుడు తాండవ కాలువలో చెప్పులు పోగొట్టుకున్న సంగతి చెబుతూ, మధ్యలో ఆపి కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. మా ఆయన కంచంలో వేలు పెట్టలేదు.

"కుమారీ," అన్నారు. "రేపు ఎంక్వైరీలో నేను మాట్లాడతాను. లోవ పడుకోలేదు. పడుకున్నా, మేలుకున్నా ఆపగలిగేది కాదు. ఆ పొర నిండా నీళ్లు లేవు, సగం పైన గ్యాసుంది. నా లెక్క తప్పింది. ల్యాబ్ నుంచి ఉప్పు ఫలితం ఆలస్యంగా వచ్చింది."

"ఆలస్యంగా రాలే," అన్నాను. "అది రాకముందే మీరు రిపోర్ట్ పంపిండ్రు. చెప్తే అట్ల చెప్పండి."

ఆయన నా వైపు చూడలేదు. "అవును. రాకముందే పంపేశాను. రేపు అలాగే చెప్తాను."

అత్తగారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఒరే ఎల్లాజీ, ఏటిరా ఇది? నా తమ్ముడి మొకం ఎలాగ సూడనురా నాను? నువ్వేరా ఆడ్ని ఓడెక్కించినోడివి."

కుమారి అన్నం కలపడం ఆపలేదు. తలెత్తకుండానే అడిగింది.

"నీకెప్పుడు తెలిసింది అన్నయ్యా?"

"పోయిన వారం."

"పోయిన వారమే మా గుమ్మంలో మన్ను పోసెళ్లారు."

"కుమారీ, నేను..."

"ఆగు. నీ ఉద్యోగం పోద్దా?"

"పోతుంది."

"పోనీ." ముద్ద చేసింది. "రేపు నానూ వస్తాను. నీకు ఎదురుగా కూచుంటాను. ఆయన పడుకోలేదని అందరికీ ఇనబడేలా సెప్పు. నాకు రాసి కూడా ఇయ్యాల, మా మావ గుమ్మానికి అంటించుకుంటాడు. అది పట్టుకుని అటునించటే టేసనుకెళ్లిపోతాను. మీ ఇంట్లో నాకిదే ఆకరి కూడు."

"కుమారీ!" అన్నారు అత్తగారు.

"నువ్వు మా ఇంటికి రా పెద్దమ్మా, నిన్నొద్దనను. అన్నయ్య రావొద్దు. పాపకి మేనమావ వరసని కూడా సెప్పను."

తర్వాత ఆమె ఎవరి వైపూ చూడలేదు. కలుపుకున్నది కలుపుకున్నట్టు, మెతుకు మిగల్చకుండా తిన్నది. అత్తగారి ఎంగిలి చెయ్యీ నాదీ ఎండిపోతుంటే మేం ముగ్గురం ఆమె తినడం చూస్తూ కూర్చున్నాం.