ముసలయ్య తెచ్చిన చాయ కుండ

ఆయతు మూడో డొప్ప చాయ కూడా ఖాళీ చేసి, అడుగున మిగిలిన బెల్లపు మడ్డిని వేలితో నాకుతూ ఉండగా ముసలయ్య ఆ మాట అన్నాడు.

"బావా, తాగినవు గదా. ఇగ పిల్లను ఎప్పుడు పంపుతవో చెప్పు."

ఆయతు వేలు నోట్లోనే ఉండిపోయింది.

"ఏ పిల్లను?"

"ఇంకే పిల్ల? నీ పొజ్జేను. మా కోసకు."

ఇంద్రావతికి ఇటు వైపున్న దొర్ల తెగ ఊళ్లలో "తాగినవు" అన్న మాటకు అర్థం చంటిపిల్లకు కూడా తెలుసు. పిల్లవాడి తరఫువాళ్లు కుండతో సారా పట్టుకుని వస్తారు. పిల్ల తండ్రి ముట్టకపోతే వచ్చిన దారినే పోతారు. తాగాడా, మాట ఇచ్చినట్టే. ఆ తర్వాత కాదు కూడదంటే కులం ఊరుకోదు. ముసలయ్య ఇంతకుముందు రెండు సార్లు కొడుకు కోసను వెంటబెట్టుకుని ఏరు దాటి వచ్చాడు. రెండు సార్లూ నిండు కుండతో వచ్చాడు. ఆయతు కన్నెత్తి కూడా చూడలేదు. మొదటిసారి మధ్యలో ఏరుందన్నాడు. రెండోసారి మీ చేను నిండా రాళ్లే అన్నాడు.

ఈసారి ముసలయ్య నవ్వుకుంటూ వచ్చాడు. "సారా తేలే బావా, నీకు నచ్చదు గదా. కొంచెం చాయ తెచ్చినం, కూసో" అన్నాడు. పాపం, మనిషి మారాడు అనుకున్నాడు ఆయతు. మారడమా! ఎంత పథకం వేసుకుని వచ్చాడో చూడండి.

చాయ అంటే ఆయతుకు ప్రాణం. జగదల్‌పూర్ సడక్ వేసేటప్పుడు రాళ్లు కొట్టే పనికి పోయి అంటించుకుని వచ్చిన జబ్బు అది. అక్కడ ఓవర్సీరు మొదట పాలు పోసిన చాయ ఇచ్చాడు. ఆయతు తుపుక్కున ఉమ్మేశాడు. లేగదూడ తాగాల్సిన పాలు మనిషి తాగడమేమిటి, ఛీ! పాలు లేకుండా ఇచ్చాడు, అంతే, ఇక వదల్లేదు. ఇప్పుడు భోపాల్‌పట్నం అంగడికి పోతే ఉప్పయినా మరిచిపోతాడు గానీ చాయపత్తి పొట్లం మరవడు.

అలాగని ఏదో ఒకటి కాచి పోస్తే తాగే రకమూ కాదు. ఆయన్ను మెప్పించడం ఆ దేవుడి తరం కూడా కాదు. అంగడిలో దుర్గమ్మ కాచే చాయను కడుగునీళ్లంటాడు. చక్కెర వేస్తే పానకమంటాడు. బెల్లమే వేయాలి. పిప్పళ్లు దంచి వేయాలి, అవీ మరీ మెత్తగా ఉండకూడదు. చిటికెడు ఉప్పు పడాలి. సగానికి సగం మరగాలి. ఇత్తడి గ్లాసులో పోస్తే కంపంటాడు. అడ్డాకు డొప్పలోనే పోయాలి, ఆ వేడికి ఆకు కమిలి వాసన రావాలి. ఇన్ని చేసినా ఇంకేదో తక్కువైందంటాడు. ఆ వంక పెట్టనిది ఒక్క కూతురు పొజ్జే చాయకే. తల్లి జ్వరంతో పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి ఆ పిల్లదే.

ముసలయ్య చాయ నోట్లో పడగానే ఆయతు కళ్లు వాటంతటవే మూతలు పడ్డాయి. పిప్పలి ఘాటు ఉంది, ఉప్పు ఉంది, బెల్లం కాస్త మాడిన వాసన కూడా ఉంది. ఏరవతలి వాళ్లకు ఇంత పనితనం ఎక్కడిదా అని ముచ్చటపడి ఇంకోటి పోయమన్నాడు. ఆ పైన ఇంకోటి. ఎంత పని చేసుకున్నావయ్యా ఆయతూ!

"మోసం! దగా!" అని అరుస్తూ లేచాడు. కుండను, ముసలయ్యను, కోసను అందరినీ కలిపి పటేలు ముత్తయ్య ఇంటికి తీసుకుపోయాడు. ఊళ్లో తగువులు తీర్చేది ఆ పెద్దమనిషే. దారిలో పొలాలకు పోయేవాళ్లు కూడా పనులు మానుకుని వెంట పడ్డారు. ఆయతు అక్క భద్రమ్మ వక్క నములుతూ వచ్చి ముందు వరసలో కూర్చుంది.

ముసలయ్య నింపాదిగా మొదలుపెట్టాడు. "పటేలా, కుండ మాది. నీళ్లు మావి. ఆకు మాది, బెల్లం మాది. మా కుండల ఉన్నది ఈయన నోట్లె వడ్డది. ఒక్కసారి కాదు, అడిగి అడిగి తాగిండు. ఇంక మాట కానిదేంది?"

"నోరు మూసుకో!" అన్నాడు ఆయతు. "చాయ సారా ఎట్లయితది? సడక్ పని కాడ ఓవర్సీరు నాకు రోజూ చాయ పోసిండు. అంటే నా బిడ్డను ఓవర్సీరుకు ఇచ్చినట్టేనా? అంగడిల దుర్గమ్మ పోసింది. దుర్గమ్మకు ఇచ్చినట్టేనా? చెప్పుండ్రి!"

గుంపంతా పగలబడి నవ్వింది. పటేలు కూడా మీసాల చాటున నవ్వాడు. ముసలయ్య మొహం మాడిపోయింది. పటేలు గొంతు సవరించుకుని, "తాత ముత్తాతల కాలం సంది మాట నిలిచేది సారా మీదనే. చాయ నిన్న మొన్న వచ్చింది. అది లెక్కల రాదు. ఆయతు మీద ఏ మాటా లేదు" అని తేల్చి చెప్పాడు.

హమ్మయ్య! ఆయతుకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. ముసలయ్య వైపు గర్వంగా చూశాడు. అక్కడితో ఊరుకుని ఇంటికి పోతే పోయేది. ఊరుకోనిస్తేగా భద్రమ్మ!

"అది సరేగాని తమ్మీ, మూడు డొప్పలు ఎందుకు తాగినవు? నా ఇంట్ల పోస్తే సగం పారబోస్తవు గదా" అంది.

"బాగుంది గనక తాగిన" అన్నాడు ఆయతు, గెలిచిన ఊపులో. "నువ్వు కాస్తే ఎవడు తాగుతడే? ఆ పిప్పలి, ఆ ఉప్పు, బెల్లం ముందల మాడబెట్టి నీళ్లు పొయ్యుడు... నా నాలికెకు తగ్గట్టు కాచేది ఈ భూమ్మీద నా బిడ్డ ఒక్కతే..."

మాట సగంలో ఆగిపోయింది.

ఆయతు కుండ వైపు చూశాడు. కోస వైపు చూశాడు. కోస తల దించుకున్నాడు. చివరికి ఆడవాళ్ల మధ్య నిలబడ్డ పొజ్జే వైపు చూశాడు. ఆమె మాత్రం తల దించుకోలేదు.

"నేనే చెప్పిన" అంది పొజ్జే. "అంగడి కాడ కోసకు చెప్పిన. ఏది ముందు ఎయ్యాలె, ఎంతసేపు మరగాలె, అన్నీ."

నెత్తిన పిడుగు పడ్డా ఆయతు అంత అదిరిపోయేవాడు కాదు. ముసలయ్య మోసం చేస్తే కోపం వచ్చింది. కడుపున పుట్టిన పిల్ల చేస్తే ఏం రావాలో కూడా ఆయనకు తెలియలేదు.

"నువ్వా? నన్ను... నువ్వా పొజ్జే?"

"ఇంకేం చెయ్యాలె అయ్యా? వాళ్లు సారా తెచ్చిన రెండు సార్లూ నేను తలుపు కాడనే నిలబడ్డ. నీకు ఇష్టమేనా బిడ్డా అని ఒక్కసారన్న అడుగుతవేమో అని చూసిన. నువ్వు నా దిక్కు చూడనే లేదు. వాళ్లు అటు పోంగనే చాయ పెట్టు అన్నవు."

అన్నాడు కదా, నిజమే. రెండు సార్లూ అదే మాట అన్నాడు. ఏరు అడ్డమూ కాదు, రాళ్లు అడ్డమూ కాదు. పొద్దున లేస్తే ఆ డొప్ప చేతికి ఎవరందిస్తారన్న భయమే అడ్డం. ఆ సంగతి ఊరందరికీ ఎప్పుడో తెలుసు. ఆయనకు ఇప్పుడు, ఇంతమంది ముందు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

ముసలయ్య పంచె దులుపుకుని లేచాడు. "పోదాం పారా, ఇంక చాలు" అన్నాడు కొడుకుతో. కోస కుండ ఎత్తుకున్నాడు, మళ్లీ దించాడు. అడుగున మిగిలినదాన్ని ఓ డొప్పలో వంచి పటేలు వైపు చూశాడు.

"లెక్కల రాదన్నరు గదా పటేలా. అయితే ఇది పొజ్జేకు ఇస్తే తప్పేమన్న ఉందా? ఆమె ఎన్నడూ చాయ తాగలేదంట."

ఆయతు ఉలిక్కిపడ్డాడు. "ఏం కూస్తున్నవురా? తాగకపోవుడేంది? ఇన్ని ఏండ్ల సంది రోజూ కాచేది ఆమెనే గదా!"

"కాసుడే అయ్యా" అంది పొజ్జే. గొంతులో కోపం లేదు, అదే ఆయనకు భరించరానిదైంది. "నువ్వు ఇంకోటి పొయ్యమనేటోడివి. చాయపత్తి ఎప్పుడూ నీకే సాలకపోయేది. కుండల చుక్క మిగిలితే గదా?"

"మరి రుచి... రుచి ఎట్ల తెలిసేది నీకు?"

"నీ మొకం చూస్తుంటి. కండ్లు మూసుకుంటే బాగైందని. మొకం చిట్లిస్తే రేపు బెల్లం తక్కువ ఎయ్యాలని. ఉప్పు గూడ అట్లనే పట్టుకున్న."

భద్రమ్మ నోట్లో వక్క నమలడం మానేసింది. పటేలు తల పక్కకు తిప్పుకున్నాడు. అయ్యో, అయ్యో అనుకున్నాడు ఆయతు లోపల్లోపల. ఇన్నేళ్లూ ఎదురుగా కూర్చుని ఈ పిల్ల తన మొహమే చూసింది. తాను డొప్పలోకి చూశాడు.

నడిచి వెళ్లి కోస చేతిలోంచి డొప్ప తీసుకున్నాడు. కూతురి చేతికి తానే ఇచ్చాడు.

"తాగు బిడ్డా."

పొజ్జే ఒక గుక్క తాగింది. మొహం వంకరపోయింది. మింగలేక, ఉమ్మలేక కాసేపు అవస్థ పడి, చివరికి మింగింది.

"థూ! ఇదా?" అంది బిత్తరపోయి. "దీనికోసమా అయ్యా? చేదు, ఉప్పు, ఘాటు... ఇదేం గోసనే అత్తా!"

భద్రమ్మకు నవ్వు ఆగలేదు. గుంపులో కూడా కిసకిసలు మొదలయ్యాయి. ఆయతు మాత్రం నవ్వలేదు.

"మరి నీకేం ఇష్టమే, తాగనీకి?" అని అడిగాడు.

పొజ్జే ఆలోచించింది. చాలాసేపే ఆలోచించింది. జవాబు రాకపోయేసరికి ఆమెకే వింతగా అనిపించినట్టుంది.

"తెల్వదు అయ్యా" అంది.

ఆయతు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. దాచుకోవాలని కూడా చూడలేదు. వెళ్లిపోతున్న ముసలయ్యను గట్టిగా కేకేశాడు.

"ఓ బావా! ఎటు పోతున్నవు? పటేలు చెప్పింది వినలేదా? చాయ లెక్కల రాదంట. పోయి సారా తెచ్చుకో పో!"

ముసలయ్యకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తిట్టాడేమో అనుకుని కొయ్యబారిపోయి చూస్తున్నాడు. కోసకు మాత్రం అర్థమైంది. కుండ అక్కడే వదిలేసి ఏటి ఒడ్డున కట్టిన దోనె వైపు పరుగు తీశాడు. పొజ్జే డొప్పలో మిగిలిన చాయను నేల మీద పారబోసింది.