గడువు కార్డుకే

కెనడాలోని విన్నిపెగ్‌లో, భీమారావు ఇంటి బేస్‌మెంట్‌లో నలుగురు స్టూడెంట్లు అద్దెకుండేవారు. ఒక పిల్ల ఖాళీ చేయకముందే ఇంకో పిల్ల ఆ చోటు కోసం ఫోన్ చేసేది. 2023లో ఊరంతా అలాగే ఉంది. అద్దె భీమారావు తీసుకునేవాడు. నలుగురికీ వంట అతని భార్య సరోజన చేసేది.

ఒక ఆదివారం కూరగిన్నె కోసం పైకొచ్చిన కరీంనగర్ పిల్ల వర్షిణి వంటింట్లోనే కూలబడింది.

"నా స్టడీ పర్మిట్ మార్చిల అయిపోతది ఆంటీ. మీకేం, పీఆర్ ఉన్నది, ఎప్పటికీ ఇక్కడ్నే ఉండొచ్చు."

"ఎక్కడి పీఆర్ అమ్మా? కార్డు గడువు అయిపోయి నాలుగేళ్లయింది. బయటికి తెలిస్తే పంపించేస్తారట. అందుకే పనికి కూడా వెళ్లొద్దన్నారు మీ అంకుల్."

వర్షిణి తెల్లబోయింది. "ఎక్స్‌పైరీ కార్డుకే ఆంటీ, పీఆర్‌కు కాదు. అప్లై చేస్తే కొత్త కార్డు ఇస్తరు. అంకుల్‌కు తెల్వదా?"

ఎందుకు తెలియదు? రెండేళ్ల కిందటే భీమారావు తన కార్డు మార్పించుకుని, అన్న కూతురి పెళ్లికి ఇండియా వెళ్లొచ్చాడు. అది తట్టగానే సరోజన పొయ్యి ఆపేసింది. హాల్లోకి వెళ్లి, భీమారావు చూస్తున్న టీవీ కట్టేసింది.

"నా కార్డు, పాస్‌పోర్టు ఇవ్వండి. రెన్యూ చేసుకుంటా."

"ఎవరు నూరిపోశారు? కింద పిల్లలా? రేపే ఖాళీ చేయిస్తా."

"చేయించండి చూద్దాం! మా అక్క పోయినప్పుడు మీ కాళ్లు పట్టుకున్నాను. వెళ్తే మళ్లీ రానివ్వరన్నారు."

"నిజమేగా. కార్డు లేకుండా ఫ్లైట్ ఎక్కనివ్వరు."

"కొత్తది చేయించొచ్చని ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు వెళ్తే ఈ ఇల్లు ఎవరు చూస్తారు?" అన్నాడు భీమారావు, చిరాగ్గా.

సరోజన గరాజ్‌లోకి వెళ్లింది. స్క్రూడ్రైవర్ తెచ్చి, తాళం వేసిన అతని బల్ల సొరుగు సందులో దోపి విరగ్గొట్టసాగింది. రెండో దెబ్బకు చెక్క పెచ్చు లేచింది. భీమారావు తిట్టుకుంటూ తాళంచెవి విసిరాడు.

ఆ సాయంత్రమే వర్షిణి ల్యాప్‌టాప్‌లో ఫారం నింపారు.

"అయిదేళ్లల్ల కనీసం ఏడువందల ముప్పై రోజులు ఇక్కడ ఉండాలె. మీరు ఎన్ని రోజులు బయటున్నరు ఆంటీ?"

"ఒక్కరోజు కూడా లేను. సున్నా అని కొట్టు."

ఆ గొంతులోని కోపానికి వర్షిణి తలెత్తి చూసింది.

రెండు నెలలకు కార్డు పోస్టులో వచ్చింది. సరోజన స్వయంగా వెళ్లి మెయిల్‌బాక్స్‌లోంచి తీసుకుంది.

"వచ్చిందిగా, ఇంకా ఎందుకా మొహం?" అన్నాడు భీమారావు.

"కార్డు వచ్చింది. మా అక్క రాదుగా!"

వారం తిరక్కుండా ఆమెకు ఒక డేకేర్ వంటింట్లో పని దొరికింది. మొదటిరోజు పొద్దున్నే బయల్దేరుతుంటే భీమారావు మంచం మీంచే అరిచాడు. "నా లంచ్‌బాక్స్ ఏదీ?"

సరోజన బూట్లు తొడుక్కుంది. ఇల్లదిరేలా తలుపు వేసి, బస్‌స్టాప్ వైపు నడిచింది.