పప్పు మీది తేట

కొడుకు ఎన్నటికీ తన కాళ్ల మీద తను నిలబడడేమోనన్నదే ఆమె భయం. మిగతా భయాలన్నీ దాని తోక పట్టుకుని వచ్చినవే. బుడ్డోడికి ఏడాదిన్నర దాటింది. గోడ పట్టుకుని లేస్తాడు, వణుకుతాడు, చతికిలబడతాడు. చేతులు చూస్తే అగ్గిపుల్లలు.

ఆ ఇంట్లో మాంసం, గుడ్డు ముట్టరు. బలమంటే పప్పే. పప్పు ఉడికాక అత్త గిన్నెను కదపకుండా పక్కన పెట్టి, పైన తేరిన నీళ్లు వంచి మనవడికి పట్టేది. "సారమంతా ఇందులోకే దిగుతుందే. పసివాడికి ముద్దపప్పు అరగదు," అనేది. అడుగున మిగిలిన చిక్కటి పప్పంతా మరిది కంచంలోకి పోయేది.

మరిది జిమ్‌లో కసరత్తులు నేర్పుతాడు. వీధిలో వాళ్లు కండలరాయుడని పిలుస్తారు. అది పొగడ్తే అనుకుంటాడు పాపం. గరిటెలో కూడా తన మొహమే చూసుకునే రకం.

"వదినా, మనలాంటి శాకాహారులకి ప్రొటీన్ అందడం ఎంత కష్టమో తెలుసా? నీ ఏడో క్లాసు చదువుకి అర్థం కాదులే," అనేవాడు, రెండోసారి గరిటె ముంచుతూ. "వీణ్ణి నాకొదిలెయ్, పులిని చేస్తా."

ఆ మాట అంటూనే గిన్నె అడుగు గీకేవాడు. అతని భార్య, నెల తప్పిన మనిషి, గోడకానుకుని ఆ గీకుడు వింటూ ఉండేది.

బుడ్డోడి తల్లి లాండ్రీలో పనిచేస్తుంది. ఒకరోజు గంజి తొట్టి దగ్గర చొక్కాలు ముంచుతోంది కానీ, మనసంతా బుడ్డోడి కాళ్ల మీదే ఉంది. ఇస్త్రీ చేసే పెద్దాయన ఒక చొక్కా ఎత్తి ఆడించాడు.

"ఏమ్మాయ్, ఇది కాలరా, తడిసిన కాగితమా? తొట్టి కలపకుండా పైనీళ్లలో ముంచేశావా? గంజంతా కింద కూర్చుంటే పైన ఏముంటుందమ్మా?"

ఆమెకి అదేం కొత్త సంగతి కాదు, రోజూ చేసే పనే. అడుగుదాకా చెయ్యి పెట్టి కలిపింది. గంజి తెల్లగా, చిక్కగా పైకి లేచింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. గిన్నె కదపకుండా వంచే అత్త చెయ్యి కళ్ల ముందు కనబడింది.

ఆ సాయంత్రం పప్పు దించగానే గరిటె అడుగుదాకా దింపి తిప్పింది. మెత్తగా మెదిపి కొడుకు నోట్లో పెట్టింది.

"అదేంటే, అది మీ మరిది తినేది!" అంది అత్త.

"మరిదికి అద్దం ఉందిగా అత్తయ్యా. చూసుకుంటే కడుపు నిండుతుంది."

"మరి నా కండ ఎలా నిలబడుతుంది వదినా?" అన్నాడు మరిది, నిజంగానే.

"నీ కండ నిలబడే ఉందిలే నాయనా. నిలబడనివాడు నా కొడుకు. కావాలంటే తేట వంచిస్తా, తాగు. సారమంతా అందులోనే ఉందట."

బుడ్డోడు మింగాడు. ఆమె బొటనవేలికి అంటిందీ నాకాడు. శుభ్రంగా అరిగింది కూడా. అత్త మర్నాడంతా వాడి పొట్ట తడిమి తడిమి, చివరికి తేట వంచడం మానేసింది.

కండలరాయుడికి మాత్రం రోషం పొడుచుకొచ్చింది. ముందు అద్దాన్ని, తర్వాత భార్యని బండెక్కించి వేరు కాపురం పెట్టాడు. జిమ్ వెనక సందులో, మేడ మీది గది. వదిన వస్తే తలుపు తియ్యొద్దని హుకుం.

"బాగానే తింటున్నానక్కా," అంది చిన్నకోడలు ఫోన్లో. "పప్పుతేట తాగుతున్నా. కడుపుతో ఉన్నవాళ్లకి అదే మంచిదని ఆయన చెప్పారు."

ఆ అక్కకి అక్కడికి వెళ్లే దారి లేదు. మీకుంది. అటుగా వెళ్తే, ఆ మహానుభావుడు జిమ్‌లో కండలు లెక్కపెట్టుకునే పొద్దుటిపూట ఒకసారి ఆ పిల్ల తలుపు తట్టండి. ఎలా ఉన్నావని అడక్కండి, బాగున్నాననే అంటుంది. గిన్నె మూత తీసి, అడుగున తనకేమైనా మిగిలిందేమో చూసి రండి.