ఏటవాలు కోత

"ఎరువుల అంగడోళ్ల పిల్లకు చెట్ల సంగతేం తెలుస్తాది శ్రీవాసవీ?" అని మా నాన్న కేశవయ్య నవ్వాడు. ఆ నవ్వుకు ఒళ్లు మండే, 2003లో వ్యవసాయ డిప్లొమా చదువుతూ, ఎర్రగుంట్ల పక్క పల్లెలో కంబన్న తాత తోటలో పని నేర్చుకోవడానికి చేరాను. మూడేళ్లుగా సరైన వాన లేదు. చుట్టూ బీళ్లు పడితే తాత నాలుగెకరాల చీనీ, అంటే బత్తాయి తోట మాత్రం పచ్చగా ఉండేది. మా అంగడిలో ఒక్క మూట కొన్న పాపాన పోలేదాయన. చెట్ల మొదుళ్లలో జానెడు మందాన ఆకు పరిచి, మధ్యలో కంది, అలసంద వేసేవాడు.

"నేల కూడా మనిషే పాపా. ఎండలో గుడ్డ లేకుండా నిలబెడితే సచ్చిపోతాది," అనేవాడు. కొమ్మ ఎక్కడ కొట్టినా ఏటవాలుగా కొట్టమనేవాడు. కోత మీద నీళ్లు నిలిస్తే చెట్టు కుళ్లుతుందట. బల్లపరుపుగా కొట్టిన రోజు నాకు మొట్టికాయ కూడా పెట్టాడు.

మే నెలలో తాత మొక్కు తీర్చుకోవడానికి అహోబిలం వెళ్లాడు. తోటలో పరిచిన ఆకు పలచబడింది. పడమటి గట్టు మీద ఏడు కానుగ చెట్లు గొడుగుల్లా ఉన్నాయి. కానుగను ఎంత కొట్టినా చిగురిస్తుందని పుస్తకంలో చదివాను. తాత తిరిగొచ్చి మెచ్చుకోవాలని నాకొకటే దురద. రెండు రోజులు కష్టపడి ఏడింటినీ నడుమెత్తున కొట్టేసి, ఆకంతా చీనీ మొదుళ్లకు మోశాను. చేతులు బొబ్బలెక్కినా గర్వంగానే ఉంది.

ఆ గట్టు అవతలి బీడు నరసింహది. పదకొండేళ్ల కిందట ఆ గట్టు తగాదాలోనే నరసింహ వాళ్ల అన్న, కంబన్న తాత తమ్ముడు ఇద్దరూ కత్తులకు బలయ్యారు. రాజీ కుదిరిన రోజు పెద్దమనుషులు రెండిళ్ల వాళ్ల చేత ఆ కానుగలు నాటించారు. వాటి మీద కత్తి పడితే రాజీ తెగినట్టే. ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. నేనూ అడగలేదు, అన్నీ తెలిసినదాన్ని కదా!

మూడో రోజు పొద్దున పది గంటలకు నేను మోటారు కొట్టంలో ఉన్నాను. నరసింహ నలుగురిని వెంటేసుకొని గొడ్డళ్లతో తోటలోకి దిగాడు. మొదటి చీనీ చెట్టు పడింది. వాళ్లూ రైతులే, ఎక్కడ కొట్టాలో తెలుసు. చీనీని జంబేరి అనే నిమ్మజాతి మొదలు మీద అంటు కడతారు. ఆ అంటు పైన కొడితే చీనీ మళ్లీ వస్తుంది. అంటు కింద కొడితే వచ్చేది ముళ్ల జంబేరి. వాళ్లు ప్రతి చెట్టునూ అంటు కిందే కొట్టారు. కాయలు రాలి కాళ్ల కింద చితికి తోటంతా పులుపు వాసన కొట్టింది. ఇరవై చెట్లు పడేసరికి, తలుపు సందులోంచి చూస్తున్న నేను అరుపు బయటికి రాకుండా నా ఎర్ర చున్నీ నోట్లో కుక్కుకున్నాను.

అప్పుడే తాత బస్సు దిగి వచ్చాడు, చేతిలో ప్రసాదం సంచితో.

"ఏం నరసింహా, నా చెట్లేం చేసినాయని నరుకుతాండావు?"

"గట్టు మీద చూడు పో! కానుగలు ఎవడు కొట్టినాడు? నీ కొడుకు ధనుంజయేనా? వాడు డోన్‌లో యాడ ఉండాడో నాకు తెలుసు. చెప్పు, ఈ పొద్దే పోయి వాని తల తీసుకొస్తాం."

తాత గట్టు దాకా నడిచాడు. ఒక మోడు మీద వేలితో రాసి చూశాడు. కోత ఏటవాలుగా ఉంది. ఆయన తల కొట్టం వైపు తిరిగి, వెంటనే మళ్లింది.

"ధనుంజయకేం తెలీదు. కొండకు పోకముందు నేనే కొట్టినా," అన్నాడు తోటలోకి తిరిగొచ్చి.

నోరు తెరిస్తే చాలు. ఒక్క మాట చాలు. నాకు ప్రాణం తీపయింది, అంతే. దానికి ఇంకే పేరు పెట్టినా అబద్ధమే. గొడ్డలి లేచింది. తాత అడ్డం పెట్టిన కుడిచెయ్యి మణికట్టు దగ్గర తెగి, నేను పరిచిన కానుగ ఆకు మీద పడింది.

అప్పుడు ఉరికాను బయటికి. "నేను కొట్టినా! ఆకు కోసరం నేనే కొట్టినా!"

రెండో దెబ్బకు గొడ్డలి ఎత్తిన నరసింహ ఆగాడు. నన్ను చూశాడు, మోళ్లను చూశాడు, చీనీ మొదుళ్లలో ఒద్దికగా పరిచిన ఆకును చూశాడు. పగతో కొట్టినవాడు ఆకు మోసుకుపోడు. అది అతనికీ తెలుసు.

"ముందే చెప్పకూడదా తల్లీ," అన్నాడు. గొడ్డలి కింద పడేశాడు. నా చున్నీతో తాత చెయ్యి బిగించి కట్టి, భుజాన వేసుకొని రోడ్డు మీది సిమెంటు లారీ దాకా పరిగెత్తాడు. ఆ సాయంత్రం తనే స్టేషన్‌కు పోయి కూర్చున్నాడు.

డోన్ నుంచి ధనుంజయ వేటకొడవలితో దిగాడు. ఆసుపత్రి వరండాలో అతని కాళ్ల మీద పడి జరిగిందంతా చెప్పాను. నా మొహాన ఉమ్మేశాడు. నరసింహ ఇంటి మీదికి మాత్రం పోలేదు.

ఆరు నెలలకు మళ్లీ తోటకు వెళ్లాను. కానుగలు విరగబడి చిగురించాయి. చీనీ మొదుళ్ల నుంచి జంబేరి లేచింది, అంతా ముళ్లే. తాత ఒక మొదలు దగ్గర కూర్చొని, ఎడమచేత్తో చాకు పట్టుకొని తంటాలు పడుతున్నాడు. నన్ను చూసి ఒక్క మాట తిట్టలేదు. చాకు నా చేతికిచ్చి, జంబేరి బెరడు చీల్చి లోపల చీనీ కన్ను, అదే చీనీ కొమ్మ నుంచి ఒలిచిన మొగ్గ, పెట్టమన్నాడు.

"తాతా, ఆ పొద్దు నేను కొట్టంలోనే ఉంటి. అంతా చూస్తానే ఉంటి," అన్నాను. ఏడుపు ఆగలేదు.

"తెలుసు పాపా. తలుపు సందులో నీ ఎర్ర చున్నీ కనపడతానే ఉండె."

నా చేతిలో చాకు బెరడు మీంచి పక్కకు జారింది. ఆయన ఎడమచెయ్యి నా మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"చెయ్యి కదిలియ్యాకు," అన్నాడు. "కన్ను చెదిరితే అంటు పట్టదు."